పన్నెండో ప్లాట్‌ఫారం బస్సు, ముక్కుతో పలికే గ

ఇతాగీ బస్టాండులో ఏ బస్సు వచ్చిందో తెలియాలంటే గోడ మీది నల్ల తెర చూడాలి, లేదా మైకులో సిన్ఫోరియానో గొంతు వినాలి. ఆ తెర మీద అక్షరాలు నడిపించే మనిషి ఎర్మెలిందా ఒవెలార్. నేను ఆ తెర కిందే కర్రపెండలం పిండి చీపా రొట్టెలు అమ్ముతాను కాబట్టి జరిగినదంతా కళ్ళారా చూశాను.

ఎర్మెలిందా దర్జీ ఇంటి పిల్ల. రాజధాని అసున్సియోన్‌లో కంప్యూటర్ చదువు చదివి, అక్కడి ఉద్యోగంలో నవ్వే మనుషులు లేరని విసుగెత్తి వెనక్కి వచ్చేసింది. మా ఊరి బళ్ళో పాఠాలు చెబుతుంది. యాభై దాటినా ఆమె నవ్వితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. ఒకసారి తప్పు ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి బస్సు పోగొట్టుకుంది. ఆ ఉక్రోషంలో బస్టాండుకి ఈ ప్రోగ్రాం రాసి ఇచ్చింది. స్టాండులో ఉన్నది ముసలి కంప్యూటర్. దానికి బొమ్మలూ రంగులూ మొయ్యడం చేతకాదు. అందుకే నల్ల తెర మీద ఉత్త అక్షరాలతో, గళ్ళు గళ్ళుగా వరసలు వచ్చేటట్టు రాసింది. భాష మాత్రం గ్వారనీ. ఇంట్లోనూ సంతలోనూ మేం మాట్లాడుకునేది అదే. బస్సు వచ్చిందనడానికి ‘ఒఙ్వహే’ అంటాం. అందులో ముక్కుతో పలికే గ ఒకటుంది. మామూలు గ రాసి నెత్తిన చిన్న అల గీస్తే ఆ అక్షరం అవుతుంది.

సిన్ఫోరియానో ఆ తెర చూసి మైకులో చదువుతాడు. ఆయన ‘ఒఙ్వహే’ అని సాగదీస్తే, ఎవరూ దిగకపోయినా ఎవరో చుట్టం వచ్చినట్టే ఉంటుంది.

పోయిన వేసవిలో ఒక ఉదయం ఆయన పన్నెండో ప్లాట్‌ఫారం బస్సుని ఒకటో ప్లాట్‌ఫారం అని చదివాడు. ఆయన తప్పేం లేదు, తెర మీద ఒకటనే ఉంది. పెళ్ళిలో వాయించడానికి వెళ్తున్న ముగ్గురు వాద్యగాళ్ళు పెద్ద హార్ప్‌ని ఎత్తుకుని పరుగున వెళ్ళి ఒకటో ప్లాట్‌ఫారంలో ఉన్న, ఎన్కార్నసియోన్ ఊరికి పోయే బస్సెక్కేశారు. సిన్ఫోరియానో చెప్పాక బస్సు నుదుటి మీది బోర్డు ఎవరు చూస్తారు? ఊరు దాటాక సంగతి తెలిసింది. దిగుదామంటే ప్రయాణికులు ఒప్పుకోలేదు, రెండు పాటలైనా వాయించి దిగమన్నారు. చివరికి పుచ్చకాయల లారీ పట్టుకుని పెళ్ళికి చేరారు. అప్పటికి పెళ్ళికూతురి మేనమామ గిన్నెలు వాయిస్తున్నాడట.

ఎర్మెలిందా వచ్చి తెర చూసింది. ‘ఒఙ్వహే’ ఉన్న ప్రతి వరసా ఆ మాట దగ్గర్నుంచి ఒక గడి కుడివైపు జరిగి ఉంది. చివర 12లోని 2 అంచు అవతల పడిపోయి 1 మాత్రం మిగిలింది.

స్టాండు అధికారి వెనాన్సియో కంగారుపడి, ప్రోగ్రాంలో ఏం మార్చావని అడిగాడు. తనేమీ మార్చలేదని చెప్పింది. అక్షరాలను ఏ గడిలో వెయ్యాలో లెక్క చూసేది ఆమె ప్రోగ్రాం కాదు. దానికి లైబ్రరీ అని వేరే సరుకుంది. ఎక్కడో ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎన్నో ప్రోగ్రాములు దాని మీద ఆనుకుని నడుస్తాయి. దాని కొత్త రూపం ఆ తెల్లవారే కంప్యూటర్‌లోకి తనంతట తాను దిగింది. అదే గ నెత్తి మీది అల దగ్గర లెక్క తప్పుతోందని చెప్పింది.

“అంత చిన్న అల వల్ల బస్సులు తారుమారయ్యాయంటావా?” అన్నాడు వెనాన్సియో.

“చంకనెక్కిన పిల్లకి మీ బస్సులో సీటిస్తారా సార్? ఇవ్వరు. అల కూడా గ నెత్తినెక్కి వస్తుంది, దానికి వేరే చోటక్కర్లేదు. కొత్త లైబ్రరీ దానికీ ఒక సీటిచ్చేసింది. వెనకాల వాళ్ళంతా ఒక సీటు జరిగారు. చివరోడు కింద పడ్డాడు.”

పాత లైబ్రరీనే మళ్ళీ పెట్టింది. తెర కుదురుకుంది, కానీ పక్కనే టికెట్లు కొట్టే ప్రోగ్రాం చచ్చి ఊరుకుంది. దానికి కొత్తదే కావాలట. కొత్తది పెడితే టికెట్లు వస్తాయి, బస్సులు తప్పుతాయి. కాళ్ళు కప్పుకుంటే తల బయట, తల కప్పుకుంటే కాళ్ళు బయట.

వెనాన్సియో తేలిక దారి చెప్పాడు. ఆ మాట ఆఫీసుల్లో వాడే స్పానిష్‌లో రాసేస్తే ఆ అల ఉండదు, ఈ గొడవ ఉండదు. లేదంటే అల పీకేసి ఉత్త గ రాయమన్నాడు. ఎర్మెలిందా జవాబు చెప్పేలోపే సిన్ఫోరియానో మైకు బల్ల మీద పెట్టేశాడు.

“స్పానిష్‌లో చదివితే బస్సు వచ్చినట్టుండదు సార్, కోర్టు నోటీసు వచ్చినట్టుంటుంది. అమ్మాయ్, నువ్వు దాన్ని బాగు చెయ్యి. అందాకా నేను నడుస్తా.”

అన్నట్టే నడిచాడు. టెరెరే ఆకు మీద పోసుకుని తాగే చల్లనీళ్ళ ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ప్లాట్‌ఫారం నుంచి ప్లాట్‌ఫారానికి తిరుగుతూ, ప్రతి బస్సు ముందూ నిలబడి నోటితోనే అరిచాడు. జనం ఆయన వెనక గుంపుగా తిరిగారు. నా రొట్టెలు అంతకుముందెప్పుడూ అంత త్వరగా అయిపోలేదు.

ఎర్మెలిందా ఆ లైబ్రరీ రాసినాయన ఎవరో వెతికి ఉత్తరం రాసింది. ఆయన పేరు ఓల్డ్రిఖ్, ఉండేది చెక్ దేశంలో. తెర వేగంగా నిండాలని గడుల లెక్కని సులువు చేశానని, తమ భాషలోనూ నెత్తిన గుర్తులున్న అక్షరాలున్నాయని, అవన్నీ సరిగ్గానే వస్తున్నాయని మర్యాదగానే జవాబిచ్చాడు. మీ గ మాత్రం కంప్యూటర్ అక్షరాల పట్టికలో లేదే, అని చివర్లో చేర్చాడు.

ఆ చివరి మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. “నా నోట్లో ఉంది కదా, పట్టికలో లేకపోతే ఏం” అని తెర వైపు చూస్తూ అంది. తర్వాత నెమ్మదించి మళ్ళీ రాసింది. మీ అక్షరాలకి కంప్యూటర్ ఒక్కో దానికి ఒక్కో అంకె ఇచ్చింది, మాకు గ వేరు, అల వేరు, రెండూ కలిస్తేనే అక్షరం అని వివరించింది. ఎక్కడ మారిస్తే సరిపోతుందో తనే రాసి చూపించింది. దానితో పాటు సిన్ఫోరియానో చేత ‘ఒఙ్వహే’ అనిపించి, ఆ గొంతు కూడా పంపింది.

రెండో జవాబు వేరుగా వచ్చింది. ఆమె దాన్ని స్టాండులో నిలబడి మా అందరికీ చదివి వినిపించింది. ఓల్డ్రిఖ్, ఆయన భార్య పొద్దున్న బల్ల దగ్గర కూర్చుని ఆ మాట పలకబోయారట. ఆవిడకి వచ్చింది, ఈయనకి రాలేదు. పట్టిక చూసి మనిషిని లేడనడం తప్పే అని ఒప్పుకున్నాడు. ఆమె రాసినదాన్ని దాదాపు అలాగే కలిపాడు, వేగం పోకుండా ఒకచోట మాత్రం సరిదిద్దాడు. ఇకపై లైబ్రరీని మార్చిన ప్రతిసారీ, బయటికి పంపేముందు, మా బస్సు వరసని దానిచేత వేయించి చూస్తాడట. వరస జరిగితే ఆ మార్పు గడప దాటదు.

“అంటే నా బస్సు అక్కడ రోజూ వస్తుందన్నమాట” అన్నాడు సిన్ఫోరియానో.

“వస్తుంది బాబాయ్. ఎక్కేవాళ్ళే లేరు.”

సరిచేసిన రూపం వచ్చిన ఉదయం తెరా నిలబడింది, టికెట్లూ వచ్చాయి. వెనాన్సియో అందరికీ నా బుట్టలోంచి రొట్టెలు పంచాడు.

ఓల్డ్రిఖ్‌కీ ఆమెకీ నడిచిన ఉత్తరాలు ఎవరైనా చదివేలా బయటే ఉన్నాయి. వాటిని చదివి చాకో అడవి సీమ నుంచి ఒక పంతులు ఆమెకి రాశాడు. అక్కడి పిల్లల భాష వేరే. వాళ్ళ పాఠాల ప్రోగ్రాంలో అక్షరాల మీది గుర్తులు ఒకదాని మీదొకటి ఎక్కి కొట్టుకుంటున్నాయట. శీతాకాలం సెలవులివ్వగానే ఎర్మెలిందా సంచి సర్దుకుంది. అంత దూరం దుమ్ములో ఎందుకు, ఉత్తరాలతో తేలదా అని అడిగాను.

“వాళ్ళ మాట చెవితో వినకుండా ఎలా సరిచేస్తానే?” అని రెండు రొట్టెలు తీసుకుని బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయనతో అప్పుడే మాట కలిపి నవ్వుతోంది. ఆ నవ్వుకి డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.