ఆఖర్న కలిపిన కొసరు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అమ్ముదామంటే కొనేవాడు లేడు, పారేద్దామంటే చోటు లేదు. ఈరోజు మీ ముందు దించుతున్నాను. తీసుకోమనడం లేదు. చూడండి, చాలు.

మాది రాజంపేటలో కిరాణా అంగడి. కర్నూలు కొత్తగా రాజధాని అయిన రోజుల్లో నేను కడపలో బి.ఎస్సీ. లెక్కలు చదువుతున్నాను. కాలేజీలో అందరికీ నేను శెట్టినే. ఓబులేసు నా తరగతివాడు. వానను నమ్ముకున్న మెట్టపొలాల ఊరి రైతుబిడ్డ. ఇంజనీరై తమ ఊరికి కాలువ తేవాలని వాడి కోరిక. ఈసారి పరీక్ష తప్పితే చదువు మాన్పించి, మడక పట్టించి పొలం దున్నిస్తానని వాళ్ల నాయన తెగేసి చెప్పాడు.

ఒకరోజు లెక్చరరు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి ఇంటిగ్రేషన్ చేయమన్నారు. చేశాను. చివర కలపాల్సిన స్థిరాంకం, ఆ C, మరిచిపోయాను. వెనక బెంచీ నుంచి ఓబులేసు అందుకున్నాడు.

"ఏమప్పా శెట్టీ, కొసరు మర్చిపోతివే! మీ నాయన అంగట్లో ఎవురికీ ఎయ్యడు, నువ్వు ఈడ యాడేస్తావులే!"

తరగతి విరగబడి నవ్వింది. లెక్చరరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎవరేమన్నా ముందు నవ్వాలని అంగడివాడి కొడుక్కి ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ మా నాయన చెయ్యి నిజంగానే గట్టిది. సరుకు తూచాక పైన వేసే ఆ గుప్పెడు కొసరు ఆయన వేళ్ల మధ్య నుంచి జారేది కాదు. వాడు అబద్ధమాడి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో. నిజం కాబట్టే మండింది. చింతపండు పాతబడేకొద్దీ నల్లబడుతుంది. నా కోపమూ అంతే.

తర్వాత ఓబులేసుకు చలిజ్వరం వచ్చి ఊరికి పోయాడు. వాడు తిరిగొచ్చేసరికి డిఫరెన్షియల్ ఈక్వేషన్ల పాఠం అయిపోయింది. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చాడు.

"ఆ పాఠం నువ్వే చెప్పాలప్పా. నీ మాదిరి ఎవురికీ రాదు."

ఆ మాటకు కరగాలి కదా? కరగలేదు. గిరాకీ తనంతట తానే వచ్చిందనుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టాను. dy/dx = 2y. x సున్నా ఉన్నప్పుడు y మూడు. ముందు y ఉన్నవన్నీ ఒకవైపు, x ఉన్నవన్నీ ఒకవైపు విడదీయించాను. ఇటు dy/y, అటు 2dx. బియ్యంలో రాళ్లు ఏరినట్టు అన్నాను. రెండువైపులా ఇంటిగ్రేట్ చేస్తే లాగరిథం y, 2x వచ్చాయి. అంతవరకూ నిఖార్సయిన సరుకే.

"C యాడ ఎయ్యాల?" అన్నాడు.

"కొసరు ఎప్పుడేస్తారు? తూకానికి ముందా, అయినాకా?"

"అయినాకనే."

"ఈడా అంతే. లాగరిథం తీసేసి, y తేలినాక ఆఖర్న కలుపు."

వాడు y = e²ˣ + C అని రాశాడు. x దగ్గర సున్నా పెట్టాడు. ఒకటికి C కలిపితే మూడు కావాలి. C రెండు.

"సరిపాయె! మొదట్లో మూడే ఉండాది. శానా సులువప్పా, ఆ సారు దీన్ని బ్రహ్మవిద్య చేసి పెట్టినాడు."

"సరిచూసుకుంటివి కదా, ఇంకేం," అన్నాను.

అసలు జవాబు 3e²ˣ. C ని ఇంటిగ్రేట్ చేసినప్పుడే వేయాలి. అలా వేస్తే లాగరిథం తీసేటప్పుడు అది కూడిక పోయి గుణకారమై బయటికి వస్తుంది. సున్నా దగ్గర రెండు జవాబులూ మూడే. ఒక్క అడుగు ముందుకు వేస్తే దేని దారి దానిది. ఖాళీ తక్కెడ సమంగా నిలిస్తే చాలు, తూకం నిజమేనని నమ్మే గిరాకీలను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. వాడూ ఖాళీ తక్కెడనే చూశాడు. జవాబును తిరిగి సమీకరణంలో పెట్టి చూడమని నేను చెప్పాలి. చెప్పలేదు. వాడు వెళ్లాక హాయిగా నవ్వుకున్నాను. ఆ రోజు తరగతి ఎంత గట్టిగా నవ్విందో అంత గట్టిగా.

పరీక్షలో ఆ పాఠం బాగా వచ్చనుకుని ఎక్కువ జవాబులు అందులోంచే రాశాడు. తప్పాడు. ఊరికి పోయాడు.

కొన్నేళ్లకు కర్నూలు బస్టాండులో ఎదురుపడ్డాడు. ఊరికి కాలువ కావాలని అర్జీ ఇవ్వడానికి వచ్చాడట. భుజాలు ఎండకు కమిలాయి. నన్ను చూసి ఎగిరి గంతేశాడు.

"శెట్టీ! పరీక్ష తప్పితిలే గానీ, నువ్వు చెప్పిండే పాఠం మాత్రం పూర్తిగా రాసినాప్పా. మిగతావే నన్ను ముంచినాయి."

సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి నా తువ్వాలులో పోశాడు. మళ్లీ చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు వేశాడు. "ఇది కొసరు," అని నవ్వాడు.

చెప్పిన ధరకు జన్మలో ఏదీ తీసుకోనివాణ్ణి. ఆ గుప్పెడు మాత్రం మారుమాట లేకుండా తీసుకున్నాను. కడప చేరేదాకా తిన్నాను. రుచిగానే ఉన్నాయి.

అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? భయమా? కాదు. వాడు పోగొట్టుకున్న చదువు నేను తిరిగి ఇవ్వలేను కాబట్టి చెప్పి ఏం లాభమని లెక్క వేసుకున్నానా? అదీ పూర్తిగా నిజం కాదు. ఆ తరగతి నవ్వు ఇప్పటికీ ఒక్కోసారి చెవిలో పడుతుంది. పడినప్పుడల్లా, బాగా చేశావురా అని లోపల ఎవడో అంటాడు. వాడి నోరు మూయించడం నాకింకా చేతకాలేదు. అందుకే క్షమించమని అడగడం లేదు.

ఓబులేసూ, C ని లాగరిథం తీయకముందే వేయాలి. ఆ మధ్యాహ్నమే నాకు తెలుసు.