రైల్లో జ్వరమొస్తే

పొద్దున మొయినాబాద్‌లో బస్సెక్కగానే గులాబీల వాసన గుప్పుమంది. ఎవరో వెనక సీటు కింద పూల డబ్బాలు పెట్టారు. తడిసిన అట్టల వాసన, పచ్చి కాడల వాసన కలిసి బస్సంతా నిండిపోయింది. అంతే, వసుంధర మేడం గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్కనున్న పెద్దావిడ నన్ను అనుమానంగా చూసింది. చూడనీ!

మేడం పరిశోధకురాలు. పని కోసం ఊళ్లు మారేవాళ్ల ఆరోగ్యం ఆ ప్రయాణాల్లో ఏమవుతుందన్నదే ఆవిడ పరిశోధన. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. ఆ పనేమిటో మా అమ్మకు ఎంత చెప్పినా ఎక్కలేదు. "మందియ్యని డాక్టరమ్మ, జీతమిచ్చి మా పిల్లను పూలతోటలు తిప్పుతున్నది" అని శంకర్‌పల్లి పక్కనున్న మా ప్రొద్దుటూరంతా చాటింది. మొదటిరోజు నేను ఇస్త్రీ చుడీదార్ వేసుకుని, పూలతోట షెడ్డులో మేస్త్రీ చూపించిన కుర్చీలో దర్జాగా కూర్చున్నాను. ఒడిశా నుంచి వచ్చి గులాబీలు కోస్తున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి ప్రశ్నలు వేశాను. అందరిదీ ఒకటే జవాబు, అంతా బాగుందని. ఆ మాటే సంబరంగా చెబితే మేడం పొట్ట పట్టుకుని నవ్వారు.

"మేస్త్రీ కుర్చీల కూసొని అడిగితే ఇంకేం చెప్తరే పిల్లా! అంగడి నాడు చేవెళ్లకు రా. గాజులు బేరం చేసేటప్పుడు మనసుల మాట బయటికొస్తది."

ఆ వారపు అంగడిలో మేడంను చూడాలి! చేతిలో మిర్చిబజ్జీ పొట్లం, చుట్టూ ఆడవాళ్లు, ఒకటే కబుర్లు. అక్కడే కుని పరిచయమైంది. ఒడిశా అమ్మాయి, చంకలో ఏడాది నిండని పాప. షెడ్డులో మనవాళ్లతో కలిసి పనిచేస్తూ తెలుగు నేర్చుకుంది. రెండ్రోజుల్లో బీదర్ దగ్గర మరో పూలతోటకు వెళ్లిపోతోంది. పాప టీకా గడువు అప్పటికే దాటిపోయింది. ఇక్కడ వేయించకపోతే మళ్లీ కొత్త ఊరు, కొత్త దవాఖాన, ఎప్పటికి పడుతుందో ఏమో.

"సూదేస్తే జ్వరమొస్తది గదక్కా" అంది కుని. "మా ఆయన సామాన్లతోని ముందే పోతున్నడు. రైల్ల పిల్ల ఒళ్లు కాలితే నేనొక్కదాన్ని ఏం చెయ్యాలె?"

"ఏం కాదు" అన్నాను నేను, అన్నీ తెలిసినదానిలా.

"ఏం కాదా? అయితే నువ్వొస్తవా నా ఎంబడి?"

నేను నోరు తెరిచేలోపే "వస్తది" అన్నారు మేడం, బజ్జీ నములుతూ. "నేను గూడ వస్త."

మరునాడు దవాఖానలో టీకా వేయించాం. డాక్టర్ చుక్కల మందిచ్చి, జ్వరమొస్తే ఎన్ని చుక్కలు వేయాలో కునికీ నాకూ విడమరిచి చెప్పారు. ఆ మర్నాడు శంకర్‌పల్లిలో రైలెక్కాం. స్టేషన్ నాకు చిన్నప్పటి నుంచి తెలుసు గానీ, వికారాబాద్ దాటడం అదే మొదటిసారి. కిటికీ వదలకుండా చూస్తూనే ఉన్నాను. అంతలో పాప ఒళ్లు వేడెక్కింది. కుని ముఖం పాలిపోయింది. మేడం వైపు చూస్తే ఆవిడ తాపీగా పల్లీలు ఒలుచుకుంటున్నారు. "నన్నేం చూస్తున్నవ్? చుక్కలు నీ సంచిలనే ఉన్నయి."

కుని పట్టుకుంటే నేను చుక్కలు వేశాను. పాపను భుజాన వేసుకుని పెట్టె ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. ఒక అవ్వ లేచి గాలి తగిలే చోటిచ్చింది. బీదర్ వచ్చేలోపు జ్వరం దిగింది. పాప నా ఇస్త్రీ చుడీదార్ నిండా పాలు కక్కి కిలకిలా నవ్వింది. అబ్బ, ఆ సంతోషం ఏమని చెప్పను! కుని నా బుగ్గ గిల్లి, "మళ్ల సూదికి గూడ నువ్వే రావాలె" అంది.

తిరుగు రైల్లో మేడం అన్నారు: "ఆ పిల్ల టీకాకు భయపడలే. ఒక్కతే పోవుడుకు భయపడ్డది."

మేడం ఇప్పుడు ఉద్యోగం మానేసి షాబాద్‌లో హాయిగా ఉన్నారు. ఆవిడ పని నేను చేస్తున్నాను. మొన్న ఒక తల్లి టీకా మాటెత్తగానే బిడ్డను కొంగులో దాచుకుంది. పక్కనే కింద చతికిలబడి, "ఏ రైలుకు పోతున్నవ్ చెల్లె?" అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకు, నువ్వొస్తవా?" అంది.

"వస్త" అన్నాను. "బిడ్డను నువ్వెత్తుకో. సంచి నేను పట్టుకుంట."