నత్తల బీడుకు సున్నం

ఆ రోజుల్లో ఎవరైనా పెద్ద సాబు వస్తున్నాడంటే ఆయనకంటే ముందు సున్నం వచ్చేది. దవాఖానా గోడలకూ, బడి గోడలకూ, దారి పక్కన చెట్ల మొదళ్ళకూ, చివరికి ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్న రాళ్ళకు కూడా పూసేవాళ్ళు. వచ్చిన సాబుకు రాజ్యమంతా తెల్లగా కనిపించేది. ఆకలీ, వెట్టిచాకిరీ ఆ తెలుపు వెనక హాయిగా ఉండేవి. హుస్సేనీ ఆలంలో మా ఇల్లు. నాకప్పుడు ఇరవై దాటాయి, కొత్త బస్తీల నక్షాలు తయారుచేసే సర్కారు దఫ్తరులో కొత్తగా నౌకరీ. పని పెద్దదేమీ కాదు, పైవాళ్ళు గీసిన నక్షా మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి సిరాతో దిద్దడం. అయినా హైదరాబాదంతా నా చేతి మీదుగానే పుడుతోందన్నట్టు చార్మినారు దగ్గర ఛాతీ విరుచుకుని నడిచేవాణ్ణి. (ఎవరూ పక్కకు తప్పుకున్న గుర్తు లేదు.)

మా చిన్నాయన బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి. బస్తీలో అందరూ ఆయన్ను నత్తల మాస్టరు అనేవాళ్ళు. సిటీ దాటి పడమటికి పోయి, బస్సు దిగి ఎండలో చాలా దూరం నడిస్తే ఒక బీడు వచ్చేది. చెట్టు లేదు, చుక్క నీరు లేదు, మేకలు సైతం మొహం తిప్పుకుని పోయేవి. ఆ బీడులో ఒక వాలు నిండా రాళ్ళలో నత్తలు. ఎన్ని యుగాల కిందటివో, రాయిగా మారిపోయిన నత్తగుల్లలు, కొన్ని గోరంత, కొన్ని బొటనవేలంత. శుక్రవారం సెలవొస్తే చాలు, చిన్నాయన నా చేత నీళ్ళ కూజా మోయించుకుని అక్కడికి తీసుకుపోయేవాడు. గొంతెండి నేను కూజా ఎత్తితే, "మెల్లగ తాగురా, మనం చెరువు నడుమ కూసున్నం" అనేవాడు. మనుషులనేవాళ్ళు పుట్టకముందు అక్కడ చెరువు ఉండేదట. నాకు నవ్వాగేది కాదు. ఆయన మాత్రం ఒక్క రాయిని కూడా ఇంటికి తేనిచ్చేవాడు కాదు. బల్ల మీద పెడితే అది ఒట్టి రాయేననీ, అక్కడుంటేనే చెరువనీ ఆయన వాదన.

సరిగ్గా ఆ బీడు మీదే సర్కారు కన్ను పడింది. సిటీలో ఇరుకెక్కువైందనీ, గాలి మంచిది కాదనీ, హోదా గలవాళ్ళకు ఊరవతల బంగళాలు కావాలనీ అన్నారు. నక్షా వచ్చి నా బల్ల మీదే పడింది. మా చిన్నాయన చెరువులో నేనే బంగళాలు దిద్దాను, ఒక్కో బంగళా ముందు గుండ్రంగా ఒక్కో చెట్టు కూడా పెట్టాను. (నీళ్ళెక్కడివని అడిగేంత జీతం నాకు ఇచ్చేవాళ్ళు కాదు.) ఆ సంగతి ఇంట్లో చెప్పిన నాటి నుంచి చిన్నాయన మా దఫ్తరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయన బీడంతా అడగలేదు. నత్తలున్న ఆ ఒక్క వాలు వదిలేసి మిగతాది కట్టుకోమన్నాడు. చెప్పులరిగాక, చివరికి మా దఫ్తరు పెద్ద సాబు తానే వచ్చి చూస్తాననీ, చూడదగ్గది ఉంటే వదిలేస్తాననీ మాటిచ్చాడు. ఇక గెలిచినట్టే అనుకున్నాం. ఆ నత్తలను చూసి కూడా కాదనేవాడు ఉంటాడని మా ఇద్దరికీ తోచలేదు.

అంత పెద్ద మనిషి ఎండలో వస్తున్నాడు గదా, కాస్త నీడ, నాలుగు కుర్చీలు, తాగడానికి నీళ్ళు ఉంటే బాగుంటుందని చిన్నాయన మా పొరుగున ఉండే ఇంతెజాం భాయ్‌ని అడిగాడు. ఈయనకు చార్మినారు దగ్గర గాజుల దుకాణం. అయితే దుకాణం నడిపేది తమ్ముడు, ఈయన నడిపేది బస్తీలో పెళ్ళిళ్ళూ, చావులూ, విందులూ. ఏ ఇంతెజామూ, ఏ ఏర్పాటూ సగంలో వదిలిన మనిషి కాదు, పైసా పుచ్చుకునే మనిషి అసలే కాదు. "ఫికర్ చెయ్యకుండ్రి మాస్టర్ సాబ్, మీ ఇజ్జత్ అంటే నా ఇజ్జత్" అని ముందుగానే బయలుదేరి వెళ్ళాడు. ఇక్కడ చిన్నాయన పాత షేర్వానీకి ఇస్త్రీ చేయించుకుని, ఉర్దూలో చెప్పాల్సింది వల్లె వేస్తున్నాడు. నేను పెద్ద సాబునై కుర్చీలో కూర్చుని, మీసం లేని చోట మీసం తిప్పుతూ, ఈ నత్తలతో కూర వండొచ్చునా అని అడిగేవాణ్ణి. ఆయన దానికి కూడా ఓపిగ్గా జవాబు చెప్పేవాడు.

ఆ రోజు పొద్దున సాబు మోటార్ల వెంట మేమూ వెళ్ళాం. దూరాన్నే షామియానా కనబడింది. వాలు మీదంతా ఎర్రటి మొరం మట్టి పరిచి ఉంది. మధ్యలో చక్కటి దారి, దారికి ఇరువైపులా తెల్లటి రాళ్ళ వరస. పక్క ఊరి పటేలుతో మాట్లాడి, వెట్టివాళ్ళను పెట్టించి, ఇంతెజాం భాయ్ ఆ నేలనంతా ఊడ్పించాడు. కాలికి తగిలే ప్రతి రాయినీ ఏరించి, పెద్దవాటిని సుత్తెలతో సమంగా పగలగొట్టించి, దారికి అంచు కట్టించి, మీద దిట్టంగా సున్నం పూయించాడు. అంత గరుకు నేల మీద పెద్దమనిషిని ఎట్లా నడిపిస్తాడు! సాబు చూడవస్తున్నది ఆ రాళ్ళనేనని మేం ఆయనకు చెప్పనేలేదు.

దండ పడింది, అత్తరు పూశారు. సాబు నిలబడి ఏం చూడాలో చెప్పమన్నట్టు చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన వల్లె వేసిన ఉర్దూ వదిలేసి, షేర్వానీతోనే మోకాళ్ళ మీద కూర్చుని, అంచున ఉన్న ఒక రాయి పట్టుకుని, గోటితో సున్నం గీకడం మొదలుపెట్టాడు. తన కోసం మరకలు తుడుస్తున్నాడనుకున్నాడు సాబు. జాలిపడి, ఇక చాలు, రాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, శ్రమపడకండి అన్నాడు. తర్వాత మా దఫ్తరు వాళ్ళ వైపు తిరిగి, ఇది రాళ్ళ బీడని విన్నాననీ, తీరా చూస్తే అరచేతిలా చదునుగా ఉందనీ, బంగళాలు ఈ వాలు నుంచే మొదలుపెట్టమనీ చెప్పి, షర్బత్ తాగి వెళ్ళిపోయాడు.

మోటార్లు కనుమరుగయ్యాక ఇంతెజాం భాయ్ వచ్చాడు. చేతులు సున్నానికి పొక్కిపోయి ఉన్నాయి. కూలీలు చాలక తనూ రాళ్ళు మోశాడట. "మాస్టర్ సాబ్, ఇంతెజాంల ఏమన్న కమీ అయిందా?" అని, ఏదో లోటు జరిగిందేమోనన్నట్టు అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నువ్వు చేసిన పనేమిటో తెలుసా అని అరవబోయాను. చిన్నాయన నా చెయ్యి పట్టి నొక్కాడు.

"ఏం కమీ లేదు భాయ్. మస్తు చేసినవు" అన్నాడు.

ఆ తర్వాత ఏ శుక్రవారమూ ఆయన కూజా నింపమని నన్ను అడగలేదు. బంగళాలకు కప్పులు పడకముందే పోయాడు. ఆ అంతిమయాత్ర ఇంతెజాం కూడా భాయే చూశాడు, ఏ లోటూ రానివ్వలేదు. బంగళాల్లో బావులు తవ్వితే చుక్క పడలేదు. చెరువు నడుమ కూర్చుని ఆ హోదా గలవాళ్ళు బండ్ల మీద నీళ్ళు తెప్పించుకున్నారు. నాకు అందులో సంతోషం దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు.

రాజ్యం పోయింది, సాబులు పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. ఇప్పటికీ ఎవరో వస్తున్నారని దారి పక్కన రాళ్ళకు సున్నం పూసి ఉంటే నేను దాటిపోలేను. మోకాళ్ళు మొరాయిస్తున్నా వంగి, గోటితో గీకి చూస్తాను. "ఏందయ్యా గది, జనం చూస్తుండ్రు, లే" అని మా ఇంటావిడ కసురుతుంది. లేవడానికి ఆవిడ చెయ్యే ఆసరా కావాలి. పోయేవాళ్ళు ఆగి నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఎవరో ముసలాయన, పాపం, రాళ్ళు శుభ్రం చేస్తున్నాడని అనుకుంటారు.