జమ అవుతాయి, చేతికి రావు

వరంగల్ కాశిబుగ్గలో మా ఇంటి ముందు గదే నా కుట్టు దుకాణం. రెండు మిషన్లు, ఒక మగ్గం చట్రం, గోడకు నిలువుటద్దం, అంతే. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. అన్నేళ్లూ నాది ఒకటే పద్ధతి. జాకెట్ చేతికివ్వడం, పైసలు చేతిలోకి తీసుకోవడం, మిషన్ సొరుగులో వేసుకోవడం. ఆ పద్ధతిని మార్పించింది మా ఆయన.

ఆయన ఆటో నడుపుతాడు. ముందు తన ఆటోలో స్కానర్ అంటించుకున్నాడు. ఆయన బ్యాంకు ఖాతా వాడక ఎప్పుడో మూలపడింది కాబట్టి ఆ స్కానర్‌ను నా ఖాతాకే కలిపించాడు. తర్వాత ఒకరోజు మాట్లాడే డబ్బా ఒకటి తెచ్చి నా మిషన్ పక్కన పెట్టాడు.

“చిల్లర లొల్లి ఉండదు. జర కాలం తోని నడువు,” అన్నాడు.

“నాకు సొరుగు చాలు,” అన్నాను. వినలేదు.

ఎవరు డబ్బు పంపినా ఆ డబ్బా గల్లీ చివరిదాకా వినపడేలా అరిచేది. దాంతో మొదటి వారంలోనే గొడవ. ఎదురింటావిడ వచ్చి, “ఆమెకు ఆరు వందలకు కుట్టి నాకు ఏడు వందలు ఎట్ల తీసుకున్నవ్?” అని నిలదీసింది. తన జాకెట్‌కు లైనింగ్ ఉందని, ఆ ఆరు వందలదానికి లేదని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. అయినా అబద్ధమెందుకు, ఆరు నెలలు తిరిగేసరికి నాకూ అలవాటైంది. చిల్లర వెతుక్కునే పని పోయింది. సొరుగు తాళంచెవి ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను.

మొన్నటి లగ్గాల సీజన్‌లో ఒకరోజు జాకెట్ల లోపల వేసే అస్తర్ గుడ్డ కొనడానికి నేను ఎప్పుడూ వెళ్లే దుకాణానికి వెళ్లాను. ఆ దుకాణం భాయ్ నాకు చాలా ఏళ్లుగా తెలుసు. గుడ్డ చింపించుకుని, దారపు ఉండలు ఏరుకుని స్కాన్ చేశాను. ఫోన్‌లో ఎర్ర గుర్తు వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ ఎర్ర గుర్తు.

“నెట్‌వర్క్ ఉండదు ఒక్కోసారి. ఫికర్ చెయ్యకు చెల్లె,” అన్నాడు భాయ్.

గుడ్డ అక్కడే పెట్టి ఏటీఎంకు వెళ్లాను. అదీ ఇవ్వలేదు. అక్కడి నుంచి నేరుగా బ్యాంకుకు వెళ్లాను. గంటన్నర నిలబడ్డాక కౌంటర్‌లో ఉన్న మేడం నా ఖాతా తెరిచి చూసి, “మీ ఖాతాలకు పైసలు వస్తయ్ గానీ, అందులోంచి పోవు,” అంది.

“గదేంది? నా పైసలు నేను తీసుకోవద్దా?”

“పోలీసులు ఆపమన్నరు మేడం. మా చేతుల ఏం లేదు.”

పోలీసులనేసరికి నా వెనక వరుసలో ఉన్నవాళ్లంతా నావైపు చూశారు. ఆమె కంప్యూటర్ నావైపు తిప్పి చూపించింది. ఎక్కడో ఉత్తరాన ఒక రాష్ట్రంలో ఎవరినో ఎవరో ఫోన్‌లో మోసం చేశారట. ఆ పోయిన డబ్బు ఆ ఖాతాలోంచి ఈ ఖాతాలోకి, ఈ ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి తిరిగి, అందులో పద్దెనిమిది వందల యాభై రూపాయలు నా దగ్గరకు వచ్చాయట. అందుకని నా ఖాతా మొత్తం ఆపేశారు. నేను కుట్టి సంపాదించిందీ, మా ఆయన ఆటో మీద తెచ్చిందీ అంతా అందులోనే ఉంది.

“ఎవలో దొంగతనం చేస్తే జాకెట్లు కుట్టుకునేదాన్ని నన్ను పట్టుకున్నరా?” అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియలేదు.

“సైబర్ క్రైమ్ ఠాణాకు పోయి అడగండి,” అని ఒక చీటీ మీద ఆ రాష్ట్రంలో కేసు చూసేవాళ్ల ఫోన్ నంబర్ రాసిచ్చి, తర్వాతి మనిషిని పిలిచింది.

ఠాణాలో ఒక లేడీ కానిస్టేబుల్ నా మాటంతా ఓపికగానే విన్నది. విని, “ఈ కేసు మనది కాదక్కా. ఆ రాష్ట్రపోళ్లు లెటర్ ఇయ్యాలె. నువ్వు వాళ్లకు మెయిల్ పెట్టు,” అంది.

“నాకు మెయిల్ లేదు.”

“అయితే ఫోన్ చెయ్యి.”

“నాకు హిందీ రాదు.”

ఆమె నన్ను చూసి నిట్టూర్చింది. నేనూ ఆమెను చూసి నిట్టూర్చాను.

ఇంటికి వచ్చి కూర్చున్నానో లేదో డబ్బా అరిచింది. ఎవరో ముందే కుట్టించుకున్న జాకెట్‌కు డబ్బు పంపారు. మా ఆయన ఆటోలో ఎవరో ఎక్కి దిగితే మళ్లీ అరిచింది. వచ్చిన ప్రతి రూపాయీ వెళ్లి ఆ తాళం వేసిన ఖాతాలోనే పడుతోంది. ఆ డబ్బాను తీసి బొంతల కింద కుక్కాను. అక్కడి నుంచి కూడా వినిపించింది. మర్నాడు స్కానర్ మీద గుడ్డ కప్పి, వచ్చినవాళ్లందరికీ నోట్లే ఇమ్మని చెప్పాను. “ఎవల దగ్గరున్నయ్ అక్కా నోట్లు?” అని నవ్వారు. ఒకామె నేను చూడకుండా గుడ్డ ఎత్తి స్కాన్ చేసి, “వేసిన చూడు,” అని సంతోషంగా వెళ్లిపోయింది. ఆమె వెనక పరిగెత్తాలో, మిషన్ ముందు కూర్చుని ఏడవాలో అర్థం కాలేదు.

మా ఆయన ఆటోలో స్టిక్కర్ పీకేశాడు. స్కానర్ లేదంటే ఎక్కినవాళ్లు దిగి ముందు ఆటోలోకి మారిపోతున్నారట. సాయంత్రం వచ్చి అరుగు మీద ఊరకే కూర్చున్నాడు. “ఏంది, కాలం తోని నడుస్తానవా?” అని అడిగాను. అన్న తర్వాత నాకే మనసు పాడైంది. లోపలికి వెళ్లి చాయ్ పెట్టి తెచ్చాను.

చివరికి ఫోన్ చేసింది భాయ్. చీటీ మీది నంబర్‌కు తన దుకాణంలోంచే నాలుగు రోజులు ప్రయత్నిస్తే ఐదో రోజు ఒక అధికారి ఎత్తాడు. భాయ్ ఉర్దూలో చాలాసేపు మాట్లాడాడు. ఈమె దర్జీ పని చేసుకునే మనిషి, దొంగ కాదని మూడుసార్లు చెప్పాడు. ఫోన్ పెట్టేసి నాకు చెప్పాడు: “ఆ పైసలు ఎవరిచ్చిన్రో, ఏ పనికిచ్చిన్రో రుజువు పంపాల్నంట చెల్లె. అప్పుడు చూస్తడంట.”

నేను బిల్లులు రాసే మనిషిని కాదు. కొలతల పుస్తకం ఒక్కటే ఉంది. బ్యాంకు చూపించిన తేదీ పట్టుకుని పేజీలు తిప్పితే దొరికింది. మగ్గం పని జాకెట్, పెళ్లికూతురుది, పద్దెనిమిది వందల యాభై. ఊరు రఘునాథపల్లి. ఆ అమ్మాయి నాకు గుర్తుంది. హనుమకొండలో ఒక రక్తపరీక్షల సెంటర్‌లో పని చేస్తానని చెప్పింది. భుజాల మీద నెమళ్లు కావాలని రెండుసార్లు బొమ్మ మార్పించింది. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా ఆ పిల్లను ఏమేం తిట్టాలో వరుసగా అనుకుంటూనే ఉన్నాను.

వాళ్ల ఇంటికి కొత్తగా సున్నం వేశారు. వాకిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. వాళ్ల నాన్న, పత్తి వేసే రైతు, నన్ను చూడగానే ఎదురొచ్చాడు. “రా చెల్లె, కూసో. జాకెట్ కుట్టిన అక్క గదా నువ్వు? లగ్గం వచ్చే ఆదివారమే. నువ్వు తప్పకుండ రావాలె,” అని చాయ్ చెప్పడానికి లోపలికి వెళ్లాడు. అమ్మాయి గడపలో నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. అది చూస్తే సంగతి ఆమెకు తెలుసని నాకు అర్థమైంది. చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాను.

“నీ పైసల తోని నా ఖాతా బంద్ అయింది. ఎక్కడియి ఆ పైసలు?” అన్నాను.

ఏడుస్తూ చెప్పింది. ఫోన్‌లో ఎవరో పని ఇస్తామన్నారట. హోటళ్లకు ఫోన్‌లో రేటింగ్ స్టార్లు ఇస్తే చాలు, డబ్బు. మొదటి రోజు నిజంగానే రెండు వేలు ఆమె ఖాతాలో వేశారు. “నా సొంత సంపాదన అని మురిసిన అక్కా. దాంతోనే నీకిచ్చిన. అవి వేరేటోళ్లను ముంచిన పైసలని నాకేం ఎరుక?”

తర్వాత పెద్ద పని ఇస్తామని, ముందు నువ్వు కొంత కట్టాలని అన్నారట. లగ్గం సామాను కొనమని వాళ్ల నాన్న ఆమె ఖాతాలో వేసిన నలభై వేలు కట్టేసింది. అవి మళ్లీ రాలేదు. నాకంటే ముందే ఆమె ఖాతా కూడా ఆగిపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరి ఫోన్ వచ్చినా భయమేసి స్విచ్ ఆఫ్ చేసింది.

వింటే నాకు జాలి కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. ముందు ఇంకా కోపమే వచ్చింది. ఇంత చదువుకుని, స్టార్లు ఇస్తే డబ్బు ఎవరిస్తారని తెలియదా? “రేపు నాతోని ఠాణాకు రావాలె. ముందుగాల మీ బాపుకు చెప్పు,” అని గట్టిగా అన్నాను. “బాపుకు వద్దక్కా, నీ కాళ్లు మొక్కుత,” అని కిందికి వంగింది. అప్పుడే వాళ్ల నాన్న చాయ్ గ్లాసులతో వచ్చాడు.

“ఏమైంది చెల్లె? జాకెట్ కుదరలేదా?”

నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. “ఆఁ, చంక కాడ పట్టేస్తాంది. రేపు ఒకసారి పిల్లను వరంగల్ తోలు, సరిచేసిస్త.” చాయ్ తాగాను. బస్సెక్కాక నా మీద నాకే చిరాకు పుట్టింది.

మర్నాడు ఆ పిల్ల జాకెట్ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఇద్దరం ఠాణాకు వెళ్లాం. అదే కానిస్టేబుల్. ఆమె బల్ల మీద కాగితాలు జరిపి జాకెట్ పరిచాను. ఇదీ రుజువు అన్నాను. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. వేలితో నెమలి ఈకలు తడిమింది.

“ఇది ఇక్కడ జమ చెయ్యాలేమో అక్కా.”

“ఆదివారం దాని లగ్గం! ఇదేసుకునే పీటల మీద కూసుంటది. మీరు బీరువాల పెట్టుకుంటే ఎట్ల?” అని అరిచాను. పక్క గదిలోంచి ఎస్సై కూడా తొంగి చూశాడు. చివరికి ఫోటోలు చాలన్నారు. నా కొలతల పుస్తకం పేజీకి, జాకెట్‌కు, మా ఇద్దరికీ ఫోటోలు తీశారు. ఆ పిల్ల తను మోసపోయిన సంగతి వేరే ఫిర్యాదుగా రాసిచ్చింది. ఆమె రాస్తుంటే కానిస్టేబుల్ మంచినీళ్లు తెచ్చిచ్చింది. మెయిల్ కూడా ఆవిడే పంపింది. మేం లేస్తుంటే నన్ను ఆపి, మెల్లగా అడిగింది: “ఈ నెమలి పనికి ఎంత తీసుకుంటవ్ అక్కా? మా చెల్లె లగ్గం ఉంది. నీ కాడ స్కానర్ ఉందా?”

ఆమె ముఖంలోకి చూశాను. ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది.

ఆ రాత్రికి రాత్రే ఆ పిల్ల తండ్రికి అంతా చెప్పేసింది. తెల్లారి ఆయన మా దుకాణం ముందు నిలబడ్డాడు. నేను మిషన్ ఆపి లేచాను. తిడతాడేమో అనుకున్నాను. తిట్టలేదు. స్టూలు మీద కూర్చుని తల మీది తువ్వాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

“నలభై వేలు పోతే పోయినయ్ చెల్లె. నా బిడ్డ నాకు భయపడి ఇన్ని దినాలు ఒక్కతే ఏడ్సింది. నేను గంత చెడ్డోన్నా?” అన్నాడు. తువ్వాలు మడత పెడుతూ, “నువ్వు సుత మా ఇంట్ల చాయ్ తాగుకుంటనే అబద్ధం చెప్తివి,” అన్నాడు.

తప్పయిందన్నాను. ఆయన తల ఊపి, లగ్గానికి రావడం మర్చిపోవద్దని చెప్పి లేచాడు. వెళ్లాను. సామాను తక్కువైనా పెళ్లి బాగానే జరిగింది. కొత్త బీరువా లేదని ఆడవాళ్లలో ఎవరో అంటే, పెళ్లికొడుకు తల్లే వాళ్ల నోరు మూయించింది.

నా ఖాతా తెరుచుకోవడానికి ఇంకో నెల పైన పట్టింది. ఒకరోజు ఊరకే ప్రయత్నిస్తే డబ్బు వెళ్లింది. ఎవరూ ఫోన్ చేయలేదు, కాగితం పంపలేదు, తప్పయిందని అనలేదు. ఆ పద్దెనిమిది వందల యాభై మాత్రం ఇప్పటికీ ఆపే ఉంచారు. నాలుగు రోజులు చట్రం మీద వంగి కుట్టిన పని అది. మోసపోయిన మనిషికి ఆ డబ్బు చేరిందా అని భాయ్‌తో ఫోన్ చేయించి అడిగాను. అదీ చేరలేదట. ఆ పిల్ల నలభై వేల సంగతి అడిగితే విచారణలో ఉందంటున్నారు.

ఇప్పుడు ఒక బిల్లు పుస్తకం కొన్నాను. ఎవరు పంపినా పేరు, ఊరు, ఏం కుట్టానో రాసి సంతకం పెట్టించుకుంటున్నాను. జనాలకు అది నచ్చడం లేదు. “జాకెట్‌కు సుత ఆధార్ అడుగుతవా అక్కా?” అని వెక్కిరిస్తున్నారు. పోయిన వారం ఒకావిడ సంతకం పెట్టమంటే కోపం తెచ్చుకుని, జాకెట్ నా మిషన్ మీదికి విసిరేసి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత ఎక్కడి నుంచో నోట్లు తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టి జాకెట్ తీసుకుపోయింది. ఆమె వెళ్లాక చూస్తే వాటిలో ఒక ఐదు వందల నోటు సగానికి చిరిగి, టేపు వేసి ఉంది.