మెరిసిన రొయ్యలు

1962 జనవరి. హుజూర్‌నగర్‌లో ఒక చిన్న దవాఖానలో నర్సుగా నాకది నాలుగో ఏడు. ఉదయం పదిన్నరకు లారీ క్లీనర్ సైదులు, ఏడు నెలల గర్భిణి అయిన తన భార్య పుల్లమ్మను తీసుకొచ్చాడు. అతని ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె, ఇంకో చేతిలో ఉప్పునీళ్ల చెంబు.

"సిస్టరమ్మా, నా పెండ్లానికి నేనే విషం పెట్టిన" అన్నాడు.

అంతకుముందు ఏడాది వాళ్లకు ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి ఆమెకు సముద్రపు రొయ్యలు తినాలనిపిస్తే, బందరు నుంచి తడిగోనెలో చుట్టి తెచ్చాడు. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి వండుకొని తిన్నది. మిగిలిన పచ్చివి పొద్దున చీకటి కొట్టంలో నీలంగా మెరుస్తూ కనపడ్డాయట.

"ఉప్పునీళ్లు తాగి కక్కుమంటే ఇంటలేదమ్మా."

"మంచిగున్న కడుపును ఎందుకు కక్కాలె?" అంది పుల్లమ్మ. "జర కారం తక్కువైంది, గంతే."

చెంబు నేను తీసుకున్నాను. గర్భిణిని బలవంతంగా కక్కిస్తే ఆ ముప్పే ఎక్కువ.

"మెరిసినవి వండినవా, పచ్చివా?"

"పచ్చియే. వండినయి అయిపోయినయి."

"నువ్వు తినలేదా?"

"దానికి సాలవేమోనని ముట్టలే."

తిని పద్నాలుగున్నర గంటలైంది. వాంతి, విరేచనం, జ్వరం లేవు. అయినా ఏమీ కాదని నేను చెప్పలేదు, నాకు తెలియదు కనుక. ఫుడ్ పాయిజనింగ్, అంటే చెడిన తిండితో వచ్చే జబ్బు, ఆలస్యంగానూ బయటపడుతుంది. కిటికీ లేని మందుల గదిలో తలుపేసుకొని గిన్నె మూత తీశాను. రొయ్యల తలల దగ్గర నీలి వెలుగు.

ఊళ్లు తిరిగొచ్చిన డాక్టరుగారు రెండున్నరకు పుల్లమ్మను, ఆ రొయ్యలను చూశారు. "ఇది సముద్రంలో ఉండే బాక్టీరియా, కంటికి కనపడని క్రిమి. బాగా ఉడికిస్తే చస్తుంది. వెలుగు విషం కాదు. కానీ ఐసు లేకుండా ఇంతసేపు ఉన్న రొయ్యలు మెరవకపోయినా తినకూడదు. పారెయ్యండి."

పుల్లమ్మ లేచింది. "పారేసేముందు నాకొకసారి సూపియ్యి."

ఇద్దరూ ఆ గదిలోకి వెళ్లారు. తలుపు వెనక నుంచి ఆమె గొంతు: "అబ్బ, ఎంత సక్కగున్నయ్! గిందుకా ఏడ్చినవ్?"

మార్చి నెలాఖరులో ఆడపిల్ల పుట్టింది, ఆరు పౌన్లు.

ఆ తర్వాత చేప తిన్నామని, రొయ్య తిన్నామని ఎవరొచ్చినా, ఎన్ని గంటలు ఎక్కడ ఉంచారన్నదే ముందు అడిగాను. ఇంకో సంగతి నా నోటుబుక్కు చెప్పింది. ఆ రోజు అరగంటకొకసారి తొమ్మిదిసార్లు పుల్లమ్మ పల్స్, అంటే నాడి, చూసి రాశాను. ఆ నాలుగు గంటలూ గోడకానుకొని నిలబడ్డ సైదులును మాత్రం ఒక్కసారైనా కూర్చోమనలేదు.