పిల్లి దగ్గు

ఈ ఉదయం పదీ ఇరవైకి మా బాత్రూమ్ గడియ బిగుసుకుపోయింది. పక్కింటాయన స్క్రూడ్రైవర్‌తో వచ్చేదాకా నలభై నిమిషాలు లోపలే ఉన్నాను. చదవడానికి ఇంకేమీ లేక షాంపూ సీసా మీది అక్షరాలు రెండుసార్లు చదివాను. మూడోసారికి ఊపిరాడనట్టయింది. అప్పుడు, రెండు నెలల కిందట పోయిన మా పిన్ని గుర్తొచ్చింది. ఆమె చిలకలగూడలో ఒక బస్తీ దవాఖానా తరఫున ఇంటింటికీ తిరిగే నర్సు. ఆ ఉద్యోగానికి ఏం కావాలని ఎవరైనా అడిగితే, "మెట్లెక్కే మోకాళ్లు" అనేది.

ఒక వేసవిలో ఆమె కాలు బెణికితే వారం రోజులు నేనే స్కూటీ మీద తిప్పాను. రెజిమెంటల్ బజార్‌లో ఒక దర్జీ ఇల్లు. ఆ ఇంటి కోడలు దవాఖానాలో కఫం పరీక్షకిచ్చి వెళ్లింది. టీబీ అని తేలింది కానీ ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. మేము వెళ్లేసరికి అత్తగారు వెల్లుల్లి ఒలుస్తోంది.

"బహూ లేదు సిస్టరమ్మా, పుట్టింటికి పోయింది."

"కాలు నొప్పి ఖాలా, జెర కూసుంటా," అని పిన్ని చాప మీద చేరి తనూ ఒలవడం మొదలుపెట్టింది. చాలాసేపు వెల్లుల్లి గురించే మాట్లాడుకున్నారు. వంటింటి పక్కన బయట గొళ్లెం పెట్టిన తలుపు ఉంది. దాని వెనక ఎవరో దగ్గారు.

"పిల్లి," అంది అత్తగారు.

"ఎన్ని రోజుల సంది దగ్గుతుంది మీ పిల్లి?" అంది పిన్ని తల ఎత్తకుండా.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. అది సామాన్ల గది. కిటికీ ఉండే వీలు లేదు. అత్తగారి చేతులు ఆగిపోయాయి. "ఇంట్ల పెళ్లి కావాల్సిన బిడ్డ ఉంది. నలుగురికి తెలిస్తే ఎట్ల?"

పిన్ని తలుపు తీయమనలేదు. "నాకు సుత వచ్చింది ఖాలా. ఆరు నెలలు మందులు మింగిన. ఇగో, మీకంటే లావున్న."

అత్తగారు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత లేచి గొళ్లెం తీసింది. లోపలి అమ్మాయి వెలుతురికి కళ్లు మూసుకుంది. నాకంటే చిన్నది.

పిన్నికి టీబీ ఎన్నడూ రాలేదు. బజారు దాటాక, "అబద్ధం కదా?" అన్నాను.

"ఆదివారం ప్రార్థనలో ఒప్పుకుంటాలే. నువ్వు బండి చూసి నడుపు."

తర్వాత ఆరు నెలలు రోజూ ఆ ఇంటికి వెళ్లింది. ఎదురుగా మాత్రలు మింగించేది. మింగాక కూడా లేచేది కాదు, ఆ అమ్మాయితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. అమ్మాయికి నయమైంది. ఇన్నేళ్లకు ఇప్పుడు మా వైపు మాత్రలు నెలకొకసారి సంచీలో ఇచ్చి పంపుతున్నారు. మింగాక పక్కన కూర్చోవడానికి ఎవరూ ఇళ్లకు రావడం లేదు.