మా ఆవిడ చదివిన మేకపిల్ల కథ

ప్రతి శుక్రవారం సాయంత్రం మా గుంపులోని తల్లిదండ్రులందరికీ ఫోన్‌లో ఒక సందేశం పంపుతాను. ఈ ఆదివారం ఏ వీధిలో కథలు చెబుతాను, ఎన్ని గంటలకు, పిల్లలు కూర్చోవడానికి చాప తెచ్చుకోవాలా వద్దా, ఈ వారం ఇంట్లో అందరూ కలిసి చదవాల్సిన కథ ఏది, ఇవన్నీ అందులో ఉంటాయి. చివర ఎప్పుడూ ఒకే మాట: "రోజుకు పది నిమిషాలు టీవీ కట్టేసి, పిల్లల పక్కన కూర్చుని చదవండి." ఈ మాట పన్నెండేళ్లుగా రాస్తున్నాను. మా ఇంట్లో ఆ పది నిమిషాలు ఆగిపోయి పదేళ్లయింది. ఆపింది నేనే.

కథలు చెప్పడం నా ఉద్యోగం కాదు. సండూరులో ఒక లారీల ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. వారంలో ఆరు రోజులు బళ్లారి నుంచి బస్సులో వెళ్లి వస్తాను. ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే ఇనుప గనుల దుమ్ముకు నీళ్లు ఎర్రగా పారుతాయి. ఏడో రోజు పిల్లలకు కథలు. నేను గుంతకల్లులో తెలుగు బడిలో చదువుకున్నాను. మా ఆవిడది కురుగోడు పక్కన పల్లె. వాళ్లింట్లో తాతల కాలం నుంచీ తెలుగే, చదివింది మాత్రం కన్నడ బడిలో. ఈ జిల్లాలో ఇది ఎవరికీ వింత కాదు. తెలుగులో పోట్లాడుకుంటారు, పెళ్లిపత్రిక కన్నడంలో చదువుతారు. మా బ్రూస్‌పేట వీధిలో సగం ఇళ్లు అలాంటివే.

నాకు అది లోటుగా కనిపించేది. నిజం చెప్పాలంటే, ఆ లోటు నాలో లేదన్న గర్వం ఎక్కువగా ఉండేది. కథల ఆదివారాలు మొదలుపెట్టిన కొత్తలో నా మాటల్లో ఆ గర్వం వినిపించే ఉంటుంది. పిల్లలు గమనించలేదు. పెద్దవాళ్లు మర్యాద కొద్దీ ఊరుకున్నారు.

కథ చెప్పడానికి ముందు మూడు నాలుగు రోజులు ఇంట్లో సాధన చేసేవాణ్ణి. ఆఫీసు నుంచి వచ్చాక ముందు గదిలో తలుపు దగ్గరేసుకుని అటూ ఇటూ నడుస్తూ బయటికే చెప్పుకునేవాణ్ణి. ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆగాలి, తువ్వాలును ఎప్పుడు తోకగా చేయాలి అని చూసుకునేవాణ్ణి. ఆ సమయంలో ఎవరూ లోపలికి రాకూడదు. ఒకసారి మా పాప వస్తే కసిరి పంపాను. అప్పుడు దానికి ఏడెనిమిదేళ్లు. ఊళ్లో పిల్లలందరికీ చెప్పబోయే కథ ఇంట్లో పిల్ల వినడానికి వస్తే తలుపు మూసిన మనిషిని నేను.

ఆ తలుపుకు అవతల వంటింట్లో మా ఆవిడ ఏం చేస్తోందో నాకు తెలియదు. నేను సాధన చేస్తుంటే ఆమె విని, ఒక నోటుపుస్తకంలో ఆ కథలన్నీ రాసుకుంటోంది. తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో. పాపను పడుకోబెట్టేటప్పుడు అందులోంచి చదివేది. నేనప్పుడు ఫోన్ పట్టుకుని మరుసటి ఆదివారం ఏర్పాట్లు మాట్లాడుతుండేవాణ్ణి.

ఆ ఏడు "ఇంటిల్లిపాదీ చదువుదాం" అని ఒక కార్యక్రమం పెట్టాను. నెల రోజులు ప్రతి ఇంట్లో ఒక కథ చదవాలి. నెలాఖరు ఆదివారం ఇంటికొకరు, పిల్లలు కాదు పెద్దలే, అందరి ముందూ చదివి వినిపించాలి. మా వీధి చివరి కల్యాణమంటపం వాళ్లు పొద్దుటి పూట హాలు ఇచ్చారు. యాభై మంది దాకా వచ్చారు. ముగ్గురు నలుగురు చదివారు. ఒకాయన రెండు వాక్యాలు చదివి, "ఇంక నా వల్ల కాదప్పా, దీనికన్నా బావిలో దిగేది సులువు" అని కూర్చుంటే అందరూ నవ్వారు. ఇంతలో మా పాప లేచి నిలబడి, "మా ఇంట్లో అమ్మ చదువుతుంది" అంది.

నేను ఆశ్చర్యపోయాను. మా ఆవిడ వద్దంటూనే లేచింది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. అది నేను అల్లిన మేకపిల్ల కథ. సండూరు కొండల్లో తప్పిపోయిన మేకపిల్ల గనుల దుమ్ములో పొర్లి ఎర్రగా మారిపోతుంది. తల్లి దాన్ని గుర్తుపట్టదు. నా కథలో చివర వాన కురుస్తుంది, దుమ్ము కడుక్కుపోతుంది, తల్లి గుర్తుపడుతుంది. ఆమె చదివిన కథలో వాన లేదు. ఆ మేకపిల్ల చెప్పిన గుర్తులన్నీ విని, తల్లి మేక అంటుంది: "నీ రంగేదైతే నాకేందే, ఆకలేస్తాందా లేదా చెప్పు." ఆ మాట ఆమె ఎలా అందంటే, హాల్లో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా "ఏస్తాంది!" అని అరిచారు. నా కథలకు పిల్లలు నవ్వారు, భయపడ్డారు. అలా ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

అప్పుడు నాకు కలిగింది అసూయ. తొమ్మిదేళ్లు దానికి వేరే పేర్లు పెట్టుకున్నాను. చనువు అన్నాను, సరదా అన్నాను.

నేను వెళ్లి ఆమె చేతిలో పుస్తకం తీసుకున్నాను. అందరికీ కనిపించేలా పైకి పట్టుకుని, "చూడండి, చూడండి. తెలుగు కథకు కన్నడ చీర కట్టించింది మా ఆవిడ. దీనికి బహుమతి ఎవరినివ్వమని అడుగుదాం, ఆంధ్రా వాళ్లనా, కర్ణాటక వాళ్లనా?" అన్నాను.

హాలంతా నవ్వు. వెనక నుంచి ఒకాయన, "ఏమప్పా, మీ ఇంట్లోనే రెండు రాష్ట్రాలుండాయే! గడప కాడ చెక్‌పోస్టు ఏమన్నా పెట్టినావా?" అన్నాడు. మళ్లీ నవ్వు. నవ్వినవాళ్లలో ఎక్కువమందికి తెలుగు చదవడం రాదు. తమ మీదికి రాకుండా ఉండడానికి నవ్వారేమో. మా పాప మాత్రం వెంటనే నవ్వలేదు. ముందు వాళ్లమ్మ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. నేను నవ్వుతున్నానని చూసి అదీ నవ్వింది. ఎనిమిదేళ్ల పిల్ల తల్లిని చూసి నవ్వాలని నా ముఖం చూసి నేర్చుకుంది.

ఆమె పుస్తకం నా చేతిలోంచి తీసుకుని కూర్చుంది. ఆ రాత్రి పాప కథ అడిగితే, "మీ నాయన చెప్తాడు పో. ఆయనకు అచ్చరాలొస్తాయి" అంది. నేను సంతోషంగానే వెళ్లాను. మేకపిల్ల కథే చెప్పాను. వాన దగ్గరకు రాగానే పాప, "ఇట్ల కాదు నాయనా, అమ్మ చెప్పినట్ల చెప్పు" అంది. ప్రయత్నించాను. ఆ మాట నా నోట్లో పలకలేదు. పాప అటు తిరిగి పడుకుంది. నాలుగైదు రోజుల తర్వాత అడగడం మానేసింది. తర్వాత్తర్వాత బడి నుంచి వచ్చే కాగితాల మీద సంతకం కావాలంటే తల్లిని దాటి నా దగ్గరికి వచ్చేది. "అమ్మకు తెలీదులే" అనేది. కన్నడ కాగితాలు నాకన్నా ఆమెకే బాగా తెలుసు. అది కాదని నేను ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు పాప ధార్వాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఇద్దరం. మేం మాట్లాడుకోమని కాదు. బియ్యం అయిపోయాయంటుంది, గ్యాస్ వచ్చిందంటుంది, ఫలానా వాళ్లింట్లో పెళ్లంటుంది. కానీ ఈ ఇంట్లో ఆమె గొంతెత్తి ఏదైనా చదవడం ఆ రోజు నుంచీ నేను వినలేదు. పేపరు కూడా పెదవులు కదపకుండా చదువుతుంది. ఆమె మళ్లీ చదివితే వినాలని నాకుంది. ఈ వయసులో నాకున్న కోరిక అదొక్కటే. ఆదివారం యాభై ఇళ్ల పిల్లలు నా చుట్టూ కూర్చుంటారు. ఇంటికొచ్చి సంచి పక్కన పెట్టి కూర్చుంటే, కుక్కరు కూతలు లెక్కపెట్టుకోవడం తప్ప వినడానికి ఏమీ ఉండదు.

పోయిన ఏడాది కురుగోడులో చదువుల పండగ పెట్టాం. ముందు రోజు ఒక తల్లి ఫోన్ చేసింది. "సార్, నాకు తెలుగు రాసేది, చదివేది రాదు. మాట్లాడేది అదే. కన్నడంలో రాసుకొని చదివితే నడుస్తాదా? నగుబాటు అవుతాదేమో అని అడుగుతాండా." "చదవమ్మా, నీకు ఏ అక్షరాలొస్తే వాటిలోనే చదువు" అన్నాను. ఆమె వచ్చి చదివింది. ఎవరూ నవ్వలేదు. నేను మైకు తీసుకున్నాను. తొమ్మిదేళ్ల నాటి సంగతి మొత్తం చెప్పాను. అసూయతో సహా చెప్పాను. "నా భార్యకు మీ అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. ఒకాయన నా చేయి పట్టుకుని, "మగోళ్లు ఎవరప్పా ఇట్ల ఒప్పుకునేది" అన్నాడు. నాకు హాయిగా అనిపించింది. బస్సులో వస్తూ, ఇంటికెళ్లి మా ఆవిడకు ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను. ఎక్కడ ఆగాలో సహా.

నేను వెళ్లేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది.

"మా చిన్నమ్మ ఫోన్ చేసింది. మైకులో నన్ను క్షమించమన్నావంట కదా. అందరూ చప్పట్లు కొట్నారంట."

"అవును. చెప్పాలనిపించింది."

"ఆ పొద్దు నేను యాడుంటి?"

నాకు అర్థం కాలేదు. "ఏ పొద్దు?"

"ఈ పొద్దేనప్పా. నువ్వు మైకు పట్టుకున్నప్పుడు నేను యాడుంటి?"

"ఇంట్లో ఉంటివి."

"మరి నన్నడగాల్సింది యాడ? తొమ్మిదేండ్లు ఈడనే కదా ఉండేది నేను, ఈ వంటింట్లోనే. అప్పుడు నన్ను చూపించి నవ్విస్తివి. ఇప్పుడు నన్ను చూపించి ఏడిపిస్తివి. రెండు సార్లూ చప్పట్లు నీకే వచ్చినాయి."

నేను అక్కడే, చెప్పులు కూడా విప్పకుండా, తప్పయిందన్నాను. నా గొంతు నాకే మైకులో గొంతులా వినిపించింది. ఆమె, "ఆయ్తు, సరేలే. కాళ్లు కడుక్కో, అన్నం చల్లారతాంది" అని లోపలికి వెళ్లింది.

కురుగోడులో తీసిన వీడియో గుంపులో తిరుగుతూనే ఉంది. తీసేయమని అడిగాను. కొందరు తీశారు. "మంచి మాటే కదా సార్, ఉండనీండి" అన్నారు కొందరు. మంచి మాట కావడమే ఇబ్బంది అని వాళ్లకు చెప్పలేకపోయాను.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఈసారి ముందు ఆమెనే అడిగాను. మూడో రోజు, "నా పేరు ఉండకూడదు. అచ్చుకిచ్చే ముందు నాకు చదివి వినిపించు" అంది. సాయంత్రం ఆమె వంటింటి గడప మీద కూర్చుని అలసందలు ఒలుస్తుంటే, నేను ఎదురుగా కూర్చుని చదివాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెకు ఏదైనా చదివి వినిపించడం అదే మొదటిసారి అని మధ్యలో తట్టింది. ఆ ఆలోచనతో ఒక చోట తడబడ్డాను.

ఆమె ఒక్కచోటే ఆపింది. హాల్లో నేను పుస్తకం పైకెత్తినప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయని రాశాను.

"నేను ఏడవలేదు."

"నాకు అట్ల అనిపించింది."

"నీకు అనిపించింటాదిలే. నాకు కోపమొచ్చింది. నీ చెంప పగలగొట్టాలనిపించింది. అది రాయి."

ఆ వాక్యం అప్పటికప్పుడే కొట్టేశాను. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే ఇక్కడ రాశాను. చివరిదాకా విన్నాక అడిగింది:

"ఇదంతా ఎవరికని రాస్తాండావు?"

"నీకే" అన్నాను.

"నాకైతే చదివినావు, విన్నాను. ఇంక అచ్చేసేది దేనికి?"

అప్పుడు నవ్వినవాళ్లకూ పోయిన ఏడాది చప్పట్లు కొట్టినవాళ్లకూ ఆమెకు కోపమొచ్చిందన్న సంగతి తెలియదు, తెలియాలి అన్నాను. అది నిజమో, మళ్లీ నేను పదిమంది ముందు నిలబడడానికి వెతుక్కున్న సాకో నాకే తేల్లేదు. ఆ సంగతి కూడా ఆమెకు చెప్పాను.

ఆమె అలసంద తొక్కలు చేటలోకి ఊడ్చుకుంది. "ఆ కోపం ఉండే కాడ ఇంకోసారి చదువు" అంది.

చదివాను. ఈసారి ఎక్కడా ఆగలేదు, గొంతు మార్చలేదు. ఆమె తలూపి, చేట తీసుకుని లోపలికి వెళ్లింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. నేను పిలవలేదు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.